మూడేళ్లు సిమ్‌గ్రిడ్ వాడాక: ఆ 52 సెకన్ల సంగతి

సిమ్‌గ్రిడ్ అంటే చాలా కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద కలిసి చేసే పనిని ఒక్క కంప్యూటర్‌లోనే నటించి చూపించే సాఫ్ట్‌వేర్. ఇన్‌స్టాల్ ఎలా, హోస్ట్ (అందులోని ఉత్తుత్తి కంప్యూటర్) అంటే ఏటి, మెయిల్‌బాక్స్ (మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే చోటు) అంటే ఏటి, అవన్నీ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే శుభ్రంగా ఉన్నాయి, నేను మళ్లీ రాయట్లేదు. నాకు ఇది ఎందుకింత నచ్చిందో, ఎక్కడ దెబ్బకొట్టిందో మాత్రం చెప్తా.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇక్కడ క్లస్టర్లు గట్రా ఏమీ లేవు, నా దగ్గరున్నది ఒక పాత ల్యాప్‌టాప్, గాలివాన వస్తే కరెంటు పోద్ది, 2018లో తిత్లీ తుఫాను చూసినోళ్లకి నేను చెప్పక్కర్లేదు. పని పంచేవాడు ఒకడు, చేసేవాళ్లు నలుగురు, ఇలాంటి ప్రోగ్రాం ఒకటి ల్యాబ్‌లో నాలుగు సిస్టమ్స్ మీద ఆడించేవాణ్ణి. పదిసార్లు ఆడిస్తే ఒకసారి అలా బిగుసుకుపోయేది, ఎందుకో తెలీదు, మళ్లీ ఆడిస్తే బానే ఉండేది. దానికోసం ఎన్ని రాత్రులు కూర్చున్నానో.

అదే సిమ్‌గ్రిడ్‌లో రాసుకుంటే మొదటి రన్‌లోనే ఆగిపోయి డెడ్‌లాక్ (ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఆగిపోవడం) అని చెప్పి, ఏ యాక్టర్ (పని పంచేవాడో చేసేవాడో) ఏ మెయిల్‌బాక్స్ దగ్గర ఇరుక్కున్నాడో కూడా చూపించింది. చూస్తే ఇద్దరూ ఒకేసారి పంపడానికి కూర్చున్నారు, తీసుకునేవాడు లేడు. నిజం సిస్టమ్స్‌లో చిన్న మెసేజ్‌లని సాకెట్ బఫర్ (మెసేజ్‌లు కాసేపు దాచుకునే చోటు) మింగేస్తుంది కాబట్టి తప్పు బయటపడదు, బఫర్ నిండిన రోజునే ఇద్దరూ ఆగిపోతారు. సిమ్‌గ్రిడ్‌లో అలా కాదు, అవతలోడు తీసుకుంటేగాని మామూలు పుట్ (పంపడం) పూర్తవదు, అందుకే తప్పు ప్రతిసారీ దొరికిపోయింది. ఆరోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తే.

ఇంకోటి, వందసార్లు ఆడించండి, సెకన్లలో చివరి దశాంశం దాకా అదే అంకె వస్తుంది. వైఫై బాలేదని, పక్కన ఇంకేదో అప్‌డేట్ అవుతోందని తేడా రాదు, ఎందుకంటే గడియారమే లోపల లెక్కగట్టేది. ఒక గిగాఫ్లాప్ (సెకనుకి వంద కోట్ల లెక్కలు) స్పీడున్న హోస్ట్ మీద వంద కోట్ల ఫ్లాప్స్ పని పెడితే సరిగ్గా 1 సెకను అంటుంది, నిజంగా ఏమీ లెక్కచెయ్యదు. గంటలు పట్టే పని టీ చల్లారేలోపు అయిపోద్ది. ఆ అంకె కదలకపోవడమే నాకు ప్రాణంగా ఉండేది.

అక్కడే పడ్డాను.

శాంపిల్ ప్లాట్‌ఫామ్‌లో, అంటే ఏ హోస్ట్‌లు, ఏ లింకులు ఉన్నాయో చెప్పే ఫైల్లో, హోస్ట్‌లకి ట్రెంబ్లే, జూపిటర్, ఫఫార్డ్ అని పేర్లుంటాయి, అవి తీసేసి పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం అని పెట్టుకున్నా, మనూళ్ల పేర్లుంటే ఎవరు ఎవరికి పంపుతున్నారో తలలో ఉంటుంది. బరంపురంలో మా బావ సిస్టమ్‌కి ఇక్కణ్ణించి పింగ్ కొడితే సుమారు 40 మిల్లీసెకన్లు వచ్చింది, వెళ్లడానికి 20 రావడానికి 20 అనుకుని లింక్ లేటెన్సీ (ఒకవైపు ఆలస్యం) 20 అని ఎక్స్‌ఎంఎల్‌లో రాశా. ఒక కిలోబైట్ మెసేజ్ పంపడం, జవాబొచ్చాక ఇంకోటి పంపడం, అలా వందసార్లు. సిమ్‌గ్రిడ్ 52 సెకన్లు పైచిలుకు అంది. మళ్లీ ఆడించా, అదే 52. ఎన్నిసార్లు ఆడించినా అదే, ఇంకేం, నిజమే అనుకుని ఆ అంకె మీదే డిజైన్ మొత్తం మార్చేశా, చిన్న మెసేజ్‌లన్నీ మూటగట్టి పంపేలా రెండు వారాలు కూర్చుని తిరగరాశా.

తర్వాతెప్పుడో బావతో "బావా, పాత ప్రోగ్రామే ఒకసారి నీవైపు ఆడించి టైం చెప్పవా" అన్నా. "52 ఎక్కడిదిరా, ఇక్కడ నాలుగు దాటి కాస్త, అంతే" అన్నాడు. లింక్‌లో ఏదో తప్పు రాశాననుకుని ఫైలంతా గాలించా, ఏమీ లేదు. 52 సెకన్లని వందతో భాగిస్తే ఒక్కోసారికి 520 మిల్లీసెకన్లు, దాన్ని పింగ్‌లో వచ్చిన 40తో భాగిస్తే 13 వచ్చింది, ఆ 13 పట్టుకుని డాక్యుమెంటేషన్ వెతికితే దొరికింది. మామూలుగా ఉండే నెట్‌వర్క్ మోడల్ (పంపడానికి ఎంత టైమో లెక్కగట్టే పద్ధతి) ఎల్‌వీ08, అది లేటెన్సీని 13.01తో గుణిస్తుంది, బ్యాండ్‌విడ్త్‌ని 0.97తో. టీసీపీ మొదట్లో నెమ్మదిగా స్పీడందుకోవడం, హెడర్ల బరువు, ఇవన్నీ ఈ రెండు గుణకాల్లో కలపడానికి అలా పెట్టారు. పెద్ద ఫైళ్లు పంపేవాళ్లకి అది సరైన పనే, మెగాబైట్ల మెసేజ్‌లతో నేను తర్వాత చూశా, దగ్గరగానే వచ్చింది. ముందే తెరిచి ఉన్న కనెక్షన్ మీద కిలోబైట్ ముక్కలు పంపే నాలాంటోళ్లకే ఇబ్బంది. మోడల్‌ని ఆ గుణకాలు లేని సీఎం02కి మారిస్తే 4 సెకన్ల దగ్గరికొచ్చేసింది, ఒక్క ఆప్షన్ అంతే.

దాచిపెట్టలేదు, మోడల్స్ పేజీలో రాసే ఉంది. కానీ కొత్తగా మొదలుపెట్టేవాడు మాస్టర్-వర్కర్స్ (పని పంచేవాడు, చేసేవాళ్లు) పాఠం చేస్తాడుగాని మోడల్స్ పేజీ మొదటిరోజు చదవడు కదా. ఆ పాఠంలోనే నాలుగు ముక్కలు గట్టిగా చెప్పుంటే నా రెండు వారాలు మిగిలేవి, ఆ బాధ ఇంకా ఉంది.

అందుకే పైన చెప్పిన మెప్పుని కొంచెం తగ్గించుకోవాలి. అదే అంకె రావడం తప్పులు పట్టుకోడానికి అద్భుతం, డెడ్‌లాక్ విషయంలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. టైం ఎంత అనేదానికి మాత్రం ఇప్పుడు ఏ కొత్త ప్లాట్‌ఫామ్ రాసినా ముందు రెండే హోస్ట్‌లు, ఒకటే మెసేజ్ పెట్టి, కాగితం మీద లెక్కతో పోల్చి, కుదిరితే బావ సిస్టమ్‌తో కూడా పోల్చి అప్పుడే ముందుకెళ్తున్నా.

మీరు తీసుకోవాలా అంటే, సీ ప్లస్ ప్లస్ కాస్త వచ్చి ఉండాలి, లేకపోతే పైథాన్‌లోంచి కూడా వాడొచ్చు. నెట్‌లో ఎంఎస్‌జీ (సిమ్‌గ్రిడ్ కోడ్ రాసే పాత పద్ధతి) కోడ్ కనిపిస్తే వదిలేసి ఎస్4యూ (ఇప్పటి పద్ధతి) అని ఉన్నదే చదవండి. ఎంపీఐ (చాలా కంప్యూటర్ల మధ్య మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) ప్రోగ్రాంలు ఉన్నవాళ్లకి ఎస్ఎంపీఐ అని ఉంది, నాకు దాని అవసరం అంతగా పడలేదు కాబట్టి మాట్లాడను. నిజం మెషీన్లు పది చేతిలో ఉన్నవాళ్లకి ఇది ఎంత అవసరమో నేను చెప్పలేను. నాకు మాత్రం ల్యాప్‌టాప్ ఒకటే, మొన్న రాత్రి కరెంటు పోయి బ్యాటరీ ముప్పై శాతం ఉన్నప్పుడు కూడా ఇరవై హోస్ట్‌ల రన్ ఒకటి పూర్తి చేసుకున్నా.