సెయింట్ పాట్రిక్స్ డే: డబ్లిన్‌కా, డింగిల్‌కా?

మార్చి 17న ఐర్లాండ్ జాతీయ పండగ సెయింట్ పాట్రిక్స్ డే. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. రాజధాని డబ్లిన్‌లో ఊరేగింపు చూడాలా, పశ్చిమ తీరంలోని చిన్న ఊరు డింగిల్‌కు పోవాలా?

ఖర్చు: రెండుచోట్లా రోడ్డు పక్కన నిలబడి చూడ్డం ఉచితమే. డబ్లిన్‌లో గ్యాలరీ సీటుకు మాత్రం టికెట్ కొనాలి, హోటల్ గదుల ధరలు మండిపోతాయి. డింగిల్‌లో గదులే తక్కువ, ముందే పట్టుకోవాలి.

శ్రమ: డబ్లిన్‌లో ఊరేగింపు పార్నెల్ స్క్వేర్ దగ్గర మధ్యాహ్నం మొదలై ఓకానెల్ వీధి మీదుగా లిఫీ నది దాటుతుంది. ముందు వరుస కావాలంటే చాలా ముందే వెళ్లి నిలబడాలి. డింగిల్‌కైతే ట్రలీ పట్టణం దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు. పైగా అక్కడి బ్యాండు తెల్లవారుజామున 6 గంటలకే బయల్దేరుతుంది! చీకట్లో పిల్లనగ్రోవులు, డ్రమ్ములు మోగుతుంటే ఊరివాళ్లు కోటుకు షామ్‌రాక్ అనే మూడు రేకుల ఆకులు గుచ్చుకుని వెంట నడుస్తారు. నాకైతే పండగంటే అదే.

ఇబ్బంది: వాన ఎక్కడైనా రావచ్చు. డబ్లిన్ జనంలో చిన్నపిల్లలకు ఏమీ కనబడదు, సాయంత్రానికి పబ్బులుండే టెంపుల్ బార్ పేట వైపు తాగినవాళ్ల గోల.

ఒక్కరోజే సెలవు ఉన్నా, భారీ బొమ్మలూ విదేశీ బ్యాండ్లూ చూడాలనున్నా డబ్లిన్. డబ్లిన్‌లోనే చదువుకుంటున్న మన పిల్లలకూ మొదటి ఏడాది అదే మేలు. రెండు రాత్రులు ఉండగలిగితే, ఐరిష్ భాష వినబడే ఊళ్లో పండగ చూడాలనుంటే డింగిల్‌కే వెళ్లండి.