ఉదయగిరి చెక్క గరిటెలు: పిలకాయల ఆటకు ఎంతవరకు?

వంటకు చేసినవే అయినా, ఏడాదిన్నర పిలకాయకి ఇవి మంచి ఆటవస్తువులు. సెట్టంతా వద్దు. పెద్ద గరిటె, ఒక స్పూను, తోడుగా గిన్నె, గుడ్డబొమ్మ చాలు. ఫోర్కు గుచ్చుకుంటుంది, బుల్లి ఉప్పు స్పూను గొంతుకి అడ్డం పడొచ్చు. వార్నిష్ వాసనొస్తే కొనొద్దు. నీళ్లలో నానితే చెక్క చీలుతుంది. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి.

బటన్ నొక్కితే పాడే బొమ్మ కంటే ఇవే మేలు, ఎందుకంటే ఇక్కడ ఆటను పిల్లే కల్పించాలి. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది ఉత్త స్పూను అమ్మ నోటికి అందించి, నవ్విందా లేదా అని మొహం చూస్తారు. ఆ చూపే కీలకం. గరిటెలు వరుసగా పేర్చినంత మాత్రాన ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటంలో ఎదుగుదల తేడా) ఏమోనని బెంబేలెత్తొద్దు, అది మామూలు ఆటే. వరుస కదిపితే తల్లడిల్లడం, పేరు పిలిచినా తిరగకపోవడం, వేలితో ఏదీ చూపించకపోవడం కలిసి కనిపిస్తే ఆగొద్దు. 16–30 నెలల పిల్లలకి ఆటిజం అనుమానం ఉందేమో చూసే ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. స్కోరు 3 నుంచి 7 వస్తే రెండో విడత ప్రశ్నలు అడుగుతారు, 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా పరీక్షకి పంపుతారు. ఇది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. అంగన్‌వాడీకి వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాన్ని అడిగితే ముందుకు పంపే దారి చెబుతారు.