ఏడేళ్ల పిల్లాడికి పెన్షనా? వాత్సల్య, సుకన్య, పీపీఎఫ్‌లలో ఏది మేలు?

మా చెల్లికి ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. ఇద్దరికీ నెలకు చెరో వెయ్యి పక్కన పెట్టాలనుకుంటోంది. "ఎన్‌పీఎస్ వాత్సల్యలో వేస్తే అరవై ఏళ్లకి కోట్లవుతాయట, నిజమేనా అన్నయ్యా?" అని అడిగింది.

నిజమే. ఎన్‌పీఎస్ అంటే జాతీయ పెన్షన్ పథకం, వాత్సల్య అందులో పిల్లల పేరు మీద పెద్దలు తెరిచే ఖాతా. బిడ్డ పుట్టిన ఏడాది నుంచి ఏటా 12,000 రూపాయల చొప్పున 18 ఏళ్లు కట్టి, ఆపైన పైసా వేయకపోయినా, 10 శాతం రాబడి వస్తే 60 ఏళ్లకు సుమారు 3.3 కోట్లు అవుతుంది. కాకపోతే ధరలు ఏటా 6 శాతం పెరిగాయనుకోండి, అప్పటి 3.3 కోట్లు ఇప్పటి 10 లక్షలతో సమానం. పైగా ఆ 10 శాతం కూడా మార్కెట్ దయ, ఎవరూ హామీ ఇవ్వరు.

వాత్సల్య 2024 సెప్టెంబర్ 18న మొదలైంది. 18 ఏళ్లు నిండాక ఖాతాను మామూలు ఎన్‌పీఎస్‌గా మార్చుకోవచ్చు. నన్ను ఆపేది మధ్యలో డబ్బు తీసుకునే నిబంధన. మూడేళ్లు దాటాక చదువుకో, జబ్బుకో తీసుకోవచ్చు గానీ, మనం కట్టినదాంట్లో 25 శాతమే. పదేళ్లలో 1,20,000 కడితే చేతికొచ్చేది 30,000. ఇంజనీరింగ్‌లో ఒక ఏడాది ఫీజుకైనా సరిపోతుందా? పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకు 50,000 వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఆ ఆకర్షణా లేదు.

పాప విషయంలో నాకు సందేహమే లేదు, సుకన్య సమృద్ధి. పదేళ్లలోపు ఆడపిల్లలకే ఈ ప్రభుత్వ పొదుపు ఖాతా. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, దాని మీద పన్ను లేదు. కట్టేది 15 ఏళ్లే. వడ్డీ ఇలాగే ఉంటే ఏటా 12,000 కట్టినందుకు చివర్లో సుమారు 5.7 లక్షలు వస్తాయి. చాలామంది పొరబడేది ఒక్కచోట: అమ్మాయికి 21 ఏళ్లు రాగానే డబ్బులొస్తాయనుకుంటారు. కాదు, ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. మా మేనకోడలికి అప్పటికి పాతికేళ్లు! అయితే 18 నిండినా, పదో తరగతి పాసైనా, పైచదువుకు నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. అందుకే ఇది వాత్సల్య కంటే మెరుగంటాను.

బాబుకు పీపీఎఫ్, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనే ప్రభుత్వ పొదుపు పథకం. వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఆగిపోయింది. 15 ఏళ్లలో 12,000 చొప్పున వేస్తే 3.25 లక్షలు. పెద్ద మొత్తం కాదు, కానీ ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు, గడువు తీరాక ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. వాడు అలా పొడిగించుకుంటూ పోతే అదే వాడి రిటైర్మెంట్ డబ్బు. ఒక మెలిక ఉంది: తల్లి ఖాతా, బాబు ఖాతా రెండిట్లో కలిపి ఏడాదికి 1.5 లక్షలు దాటకూడదు.

మరి వాత్సల్య ఎవరికి? చదువుల డబ్బు వేరే సిద్ధంగా ఉండి, ఇంకా మిగిలేవాళ్లకు. డబ్బు మధ్యలో తీయనివ్వని ఆ తాళం వాళ్లకు మంచిదే. నిబంధనలు మారుతుంటాయి, చేరే రోజు మాత్రం మళ్లీ చూసుకోవాలి.

ఇదంతా విని చెల్లి "సరే" అంది. నేను మాత్రం "నీకు పీఎఫ్ ఉందా?" అని అడిగాను. తను పనిచేసే బడిలో లేదట. ఆ వారమే పాపకు పోస్టాఫీసులో సుకన్య పుస్తకం తీసుకుంది. వాత్సల్య ఫారం అల్మరాలో పెట్టి, తన పేరు మీద ఎన్‌పీఎస్ తెరిచింది.