మలేషియాకి వీసా అక్కర్లేదు సరే, పిన్ని పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర సంగతేంటి?

మలేషియాకి వీసా అక్కర్లేదని అందరికీ తెలుసు, మాకూ తెలుసు, అందుకే టికెట్లు కొనేసి నెల రోజులు నిశ్చింతగా ఉన్నాం. టెన్షన్ మొదలైంది హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో, అదీ మన ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే. నా పాస్‌పోర్టు, మా ఆవిడ పాస్‌పోర్టు రెండు నిమిషాల్లో స్టాంపు వేసి ఇచ్చేశారు. పిన్నిది మాత్రం ఆఫీసరు చేతిలోనే ఉండిపోయింది. ఒక పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, "ఎవరితో వెళ్తున్నారమ్మా? అక్కడ పనేంటి? తిరుగు టికెట్ ఉందా?" అని అడుగుతుంటే, హ్యాండ్‌బ్యాగ్ పట్టీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా నా కళ్లలోనే ఉంది. ఆవిడకి అదే మొదటి విదేశీ ప్రయాణం.

పిన్ని తొమ్మిదో తరగతితో చదువు ఆపేసింది, వయసు 46. పది పాసవని వాళ్లకి మామూలుగా పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్ అన్న ముద్ర పడుతుంది. 50 దాటితే ఆ బాధ లేదు. ఆ ముద్ర ఉన్నవాళ్లు 18 దేశాలకి ఉద్యోగం కోసం వెళ్లాలంటే ముందుగా క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ 18 అంటే గల్ఫే అనుకుంటారు చాలామంది, కానీ మలేషియా, థాయ్‌లాండ్, ఇండొనేషియా కూడా అందులో ఉన్నాయి. చూడ్డానికి వెళ్లేవాళ్లకి క్లియరెన్స్ అక్కర్లేదు, కాకపోతే చూడ్డానికే వెళ్తున్నామని నమ్మించాల్సింది మనమే. వీసా ఉంటే ఆ కాగితమే సగం చెప్పేస్తుంది. అది లేనప్పుడు తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, వెంట ఉన్నవాళ్లు ఏమవుతారు, ఇవే మన సాక్ష్యం. మా దగ్గర అన్నీ ఉన్నాయి, కానీ నా ఫోన్లో ఉన్నాయి, నేనేమో అప్పటికే కౌంటర్ దాటి అవతలికి వెళ్లిపోయాను. నన్ను వెనక్కి పిలిచి, ఒక్కొక్కటీ చూసి, పది నిమిషాల తర్వాత పంపించారు.

ఆ ఆఫీసరు మీద నాకు కోపం లేదు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి బయల్దేరి, మయన్మార్‌లో సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకున్న మన తెలుగు కుర్రాళ్ల గురించి ఎన్నిసార్లు చదివాం! వాళ్లలో చాలామంది టూరిస్టులుగానే విమానం ఎక్కారు. ఉద్యోగాల పేరుతో రప్పించి కిడ్నాప్ చేస్తున్నారన్న ఫిర్యాదుల తర్వాత 2025 నవంబరు 22 నుంచి ఇరాన్ మనవాళ్లకి వీసా మినహాయింపే ఆపేసింది. కాబట్టి ఎవరైనా "వీసా లేకుండా వచ్చేయ్, పర్మిట్ ఇక్కడ చేయిస్తా" అంటే ఆ మాట దగ్గరే ఆగిపోండి. వీసా లేకుండా రానిచ్చేది చూసి వెళ్లడానికి, పని చేయడానికి కాదు.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒక్కొక్కరికీ ఒక్కో ప్లాస్టిక్ ఫోల్డర్ కొని, అందులో రానూపోనూ టికెట్లు, అన్ని రాత్రుల బుకింగులు, పాస్‌పోర్టు జిరాక్సు ప్రింట్లు పెట్టి ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి. పెద్దవాళ్లకైతే హోటల్ పేరు, ఎన్ని రోజులు, ఎప్పుడు తిరిగి వస్తారు అన్న మూడు ముక్కలు ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి. కౌంటర్ దగ్గర ఎవరికి వాళ్లే నిలబడాలి.

ఇక మలేషియా వాళ్లు అడిగేవి. 2023 డిసెంబరు 1 నుంచి మన పాస్‌పోర్టుకి 30 రోజుల దాకా వీసా లేదు, ఈ వెసులుబాటుని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు, అంటే ఇది ఎప్పటికీ ఉండేది కాదు, టికెట్ కొనే రోజున మళ్లీ ఒకసారి చూసుకోవాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఆపైన ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు. దిగే రోజుకి మూడు రోజుల లోపే నింపాలి, ముందే నింపుదామన్నా తీసుకోదు. ఇది పూర్తిగా ఉచితం. కానీ గూగుల్‌లో వెతికితే అచ్చం గవర్నమెంటు సైట్‌లా ఉండి డబ్బులు గుంజే సైట్లు వస్తాయి, మా ఆవిడ ఒకదాంట్లో కార్డు నంబరు కొట్టబోతుంటే ఆపాను. అడ్రసు చివర జీఓవీ డాట్ ఎంవై ఉంటేనే అది మలేషియా ప్రభుత్వానిది.

ఆ ఫారంలో పేరు దగ్గర జాగ్రత్త. మన ఇంటిపేర్లతో ఇదో గొడవ. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, టికెట్ మీద ఒట్టి ఇనీషియల్ ఉంటుంది, ఫారంలో మనం ఇంకోలా రాస్తాం. పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో టికెట్ మీదా ఫారంలోనూ అలాగే ఉండాలి. బస చేసే చోటు పూర్తి అడ్రసు కూడా అందులో రాయాలి, అక్కడే మేం ఇరుక్కున్నాం.

ఎందుకంటే కౌలాలంపూర్‌లో, అక్కడివాళ్లు పొట్టిగా కేఎల్ అంటారు, మొదటి మూడు రాత్రులకి నేను తీసుకున్నది బుకిత్ బింతాంగ్‌లో ఒక అపార్టుమెంటు. స్విమ్మింగ్ పూల్, వంటగది, ముగ్గురికి సరిపడా మంచాలు, ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది. కానీ దాని ఓనరు ఫ్లాట్ నంబరు, పూర్తి అడ్రసు ఇచ్చేసరికి ప్రయాణానికి ఇంకా ఒక్కరోజే ఉంది. తీరా వెళ్లాక తలుపు కోడ్ ఎసెమ్మెస్‌లో పంపానన్నాడు, నా నంబరుకి రోమింగ్ ఆన్ చేయలేదు. ముప్పావుగంట లాబీలో సూట్‌కేసుల మీద కూర్చున్నాం. ఇల్లు బాగానే ఉంది, రాత్రి రెండింటి దాకా కింద పాటల హోరు తప్ప. తర్వాతి రెండు రాత్రులు కేఎల్ సెంట్రల్ స్టేషను పక్కన బ్రిక్‌ఫీల్డ్స్‌లో మామూలు హోటల్లో ఉన్నాం. గది చిన్నది, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. అయినా నా ఓటు దీనికే. రైళ్లన్నీ అక్కడి నుంచే, కింద అరిటాకు భోజనం, రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి, అడిగిన వెంటనే బుకింగ్ లెటర్ ప్రింటు. మొదటిసారి వెళ్లేవాళ్లు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు, దిగిన మొదటి రాత్రికైనా హోటలే తీసుకోండి. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల (మలేషియా డబ్బు) టూరిజం పన్ను హోటల్లోనే కట్టించుకుంటారు, ఆన్‌లైన్లో డబ్బంతా కట్టేశాక మళ్లీ ఇదేంటని కంగారు పడొద్దు.

కేఎల్ ఎయిర్‌పోర్టులో దిగాక వేలిముద్రలు తీసుకున్నారు, ఎన్ని రోజులని అడిగారు, తిరుగు టికెట్ చూశారు, అంతే. పిన్ని ఫోల్డర్ తీసేలోపే స్టాంపు పడిపోయింది. కానీ మా పక్క వరుసలో ఒక్కడే వచ్చిన కుర్రాణ్ని లోపల గదిలోకి తీసుకెళ్లడం చూశాం. హోటల్ బుకింగ్ లేకపోయినా, చేతిలో తగినంత డబ్బు చూపించలేకపోయినా, చెప్పే మాటకీ కాగితానికీ పొంతన లేకపోయినా నాట్ టు ల్యాండ్, అంటే దేశంలోకి రానివ్వం అని నోటీసిచ్చి వెనక్కి పంపేస్తారు. వచ్చినవాణ్ని రానివ్వాలా వద్దా అన్నది ఆ కౌంటర్లో కూర్చున్నవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. స్టాంపు పడ్డాక దానిమీద ఎన్ని రోజులు రాశారో అక్కడే చూసుకోండి. కోట కినబాలు, కూచింగ్ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో మాట: సబా, సరవాక్ రాష్ట్రాలకి సొంత ఇమిగ్రేషన్ ఉంది, దేశంలోపలి విమానమే అయినా పాస్‌పోర్టు మళ్లీ చూస్తారు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు అరగంటలో చేరుస్తుంది, మనిషికి 55 రింగిట్లు. ఒక్కరైతే అదే మంచిది, ముగ్గురుంటే గ్రాబ్ కారు (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) చవక. కాకపోతే గ్రాబ్‌కి ఫోన్లో నెట్ ఉండాలి, ఎయిర్‌పోర్టులోనే సిమ్ తీసుకోండి. మన కార్డులు విదేశాల్లో పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి, అదీ ఓటీపీ వచ్చే నంబరు చేతిలో ఉండగా ఇక్కడే చేసేయండి. మన రూపాయలు మనిషికి 25,000 దాకా పట్టుకెళ్లొచ్చు, కానీ అవి అక్కడ మార్చుకుంటే వచ్చే రేటు చూస్తే బాధేస్తుంది. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ లేకపోతే ఫోను చార్జింగే ఉండదు.

చూసినవాటిలో బటు కేవ్స్ పిన్నికి పండగ. కేఎల్ సెంట్రల్ నుంచి రైలు నేరుగా గుహల దగ్గరే దింపుతుంది. 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, పక్కనే రంగురంగుల 272 మెట్లు. పొద్దున్న ఎనిమిది లోపే ఎక్కాలి, ఎండ పెరిగితే మోకాళ్లు ఒప్పుకోవు. ప్రసాదం కవరు చేతిలో కనబడితే కోతులు వదలవు. మలక్కాకి టీబీఎస్ బస్టాండు నుంచి రెండు గంటలు. మేం మంగళవారం వెళ్లాం, జోంకర్ వీధి రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే, కాబట్టి సగం అందం పోయింది. పెనాంగ్ దీవి వైపు రైలు నాలుగు గంటల పైనే, లోపల చలికి శాలువా కావాలి. బటర్‌వర్త్‌లో దిగి ఫెర్రీలో సముద్రం దాటి జార్జ్‌టౌన్ చేరడం ఈ ట్రిప్పు మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన ఘట్టం. రోజులు తక్కువుంటే మలక్కా వదిలేసి పెనాంగ్‌కే ఇవ్వండి.

వీసా లేదన్న మాట ఒకటే, లోపలి షరతులు మాత్రం దేశానికొకటి. థాయ్‌లాండ్ కూడా 2025 మే 1 నుంచి టీడీఏసీ అని ఇలాంటి కార్డే పెట్టింది, ఈ-సిగరెట్ వెంట తీసుకెళ్తే అక్కడ నేరం. నేపాల్‌కి విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకి ఆధార్ చెల్లదు. భూటాన్‌లో వీసా లేకపోయినా పర్మిట్ తీసుకోవాలి, పైగా మనవాళ్లకి మనిషికి రాత్రికి 1,200 రూపాయల ఫీజు.

తిరిగొచ్చాక ఈసీఆర్ సంగతి కూర్చుని చదివాను. ఇన్‌కమ్‌టాక్స్ కట్టేవాళ్ల భార్యలకి ఆ ముద్ర అక్కర్లేదట. బాబాయి ఏళ్ల తరబడి టాక్స్ కడుతున్నాడు, పాస్‌పోర్టుకి అప్లై చేసిన రోజు ఆ కాగితం పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు రీఇష్యూకి అప్లై చేశాం. అపాయింట్‌మెంట్ రోజుకి ఏమేం కావాలో పిన్ని తనే ఒక కాగితం మీద రాసుకుని, బాబాయి టాక్స్ రసీదులతో సహా అన్నీ ఆ మలేషియా ఫోల్డర్లోనే సర్దిపెట్టుకుంది.