చంటిపిల్లల ఆయాసానికి ఇంట్లో ఆక్సీమీటర్: కొంటే చుట్టే ప్రోబ్ ఉన్నదే కొనండి

రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో అంకెలో చూపే వేలి క్లిప్పు ఆక్సీమీటర్, కోవిడ్ రోజుల్లో కొన్నది, చాలా ఇళ్లలో ఇంకా ఉంది. మూడు నెలల బిడ్డకు ఆయాసం తగ్గకపోతే దాన్నే తీసి కాలి బొటనవేలికి తగిలిస్తుంటారు. పెద్దల క్లిప్పులో ఆ వేలు నిండదు. వెలుతురు వేలి గుండా పోకుండా పక్కసందుల్లోంచి సెన్సర్‌కి చేరిపోతుంది. అంకె ఏదో వస్తుంది, దాన్ని నమ్మడానికి లేదు.

చంటిపిల్లలకు పనికొచ్చేది మెత్తని పట్టీలా చుట్టే ప్రోబ్, అంటే తీగ చివర ఒంటికి తగిలించే భాగం. 660 నానోమీటర్ల ఎరుపు కాంతి, 940 దగ్గర పరారుణ కాంతి ఒక వైపు నుంచి వెలువడితే అవతలి వైపు సెన్సర్ అందుకుంటుంది. రెండూ ఎదురెదురుగా ఉండాలి, కిటుకంతా అక్కడే. చిటికెన వేలి కింద పాదం బయటి అంచున చుట్టండి. కాంతి వచ్చే భాగం పాదం పైన, సెన్సర్ అరికాలి వైపు. చర్మం తెల్లబడేంత బిగించొద్దు. పాదం చల్లగా ఉంటే ముందు వెచ్చబెట్టండి. పారాణి ఉంటే కడిగేయండి, పోకపోతే అరచేతికి చుట్టండి. పైన సాక్సు తొడిగితే ఎండ, ట్యూబులైటు వెలుతురు సెన్సర్‌పై పడవు.

బిడ్డ కాళ్లు తన్నుకుంటున్నంతసేపూ అంకెను పట్టించుకోకండి. తెరమీద తరంగం నిలకడగా కదలాలి, నాడి అంకె గుండె మీద చేయి పెట్టి లెక్కించినదానికి దగ్గరగా ఉండాలి. అప్పుడు 95, ఆపైన ఉంటే ఫర్వాలేదు. 90 నుంచి 94 అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. 90 కంటే తగ్గితే నేరుగా ఆసుపత్రికే. నల్లని చర్మంపై ఈ యంత్రాలు కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉంది, కాబట్టి అంచున ఉన్న అంకెతో సరిపెట్టుకోకండి.

కొనేముందు ప్రోబ్ విడిగా దొరుకుతుందో లేదో అడగండి. తీగ ప్లగ్గు దగ్గరే తెగుతుంది, వేరే కంపెనీ ప్రోబ్ చాలాసార్లు సరిపడదు.

ఇక లోపం. ఈ యంత్రం జబ్బేమిటో చెప్పదు, పైగా ఆలస్యంగా చెబుతుంది. బిడ్డ గట్టిగా ఊపిరి లాగుతూ నెట్టుకొస్తున్నంతసేపూ అంకె బాగానే ఉంటుంది. అంతకన్నా ముందు పట్టిచ్చేది సెకన్ల ముల్లున్న గడియారం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలికను నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50, అంతకు చేరినా దాటినా వేగం ఎక్కువే. రెండు నెలల లోపు బిడ్డకైతే మరోసారి లెక్కించి ఖాయం చేసుకోండి. డొక్కలు లోపలికి పీక్కుపోవడం, ముక్కుపుటాలు ఎగరడం, మూలగడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఆక్సీమీటర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

ఊపిరిలో వారాల తరబడి వదలని చప్పుడుకు ఫోన్ వీడియో ఈ యంత్రం కంటే ఎక్కువ ఉపయోగం. బిడ్డ ఛాతీ, మెడ కనిపించేలా, పాలు తాగేటప్పుడు ఒకటి, నిద్రలో ఒకటి తీయండి. ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వచ్చి, వెల్లకిలా పడుకోబెడితే పెరుగుతుంటే స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి లోపలికి ముడుచుకుపోతోందేమోనని డాక్టర్లు చూస్తారు. దీన్నే ల్యారింగోమలేసియా అంటారు. ముక్కులోంచి సన్నని ఫ్లెక్సిబుల్ స్కోపు పంపితే తేలిపోతుంది. చాలామందికి రెండేళ్ల లోపు దానంతటదే తగ్గుతుంది, కానీ బరువు పెరగకపోతే ఆగకూడదు. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే చూడాల్సింది కింది శ్వాసనాళాలు. పాలు తాగుతూ నుదుటిమీద చెమట పడితే గుండెకు 2డి ఎకో (స్కానింగ్) అడగండి, అంకె 97 ఉన్నా సరే.