దోమల బ్యాట్ రివ్యూ: దోమల కంటే నేనే ఎక్కువ తిన్నా

నల్లగొండ ప్రకాశం బజార్‌లో 380 రూపాయలు పెట్టి కొన్న చార్జింగ్ దోమల బ్యాట్ గురించి ఈ రివ్యూ. కంపెనీ పేరు, షాపు పేరు రాయను, ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. మేముండేది పానగల్ వైపు, వానాకాలం సాయంత్రం ఆరు దాటితే తలుపు తీయలేం. దోమలను చంపుతుందా అంటే చంపుతుంది, మొదటి రాత్రి పల్లీలు వేయించినట్టు ఒకటే చటచట. చార్జింగ్ కూడా బాగానే ఆగుతుంది. దోమల సంగతి ఇంతే.

అసలు కథ జాలీలో ఇరుక్కున్న ఒక చచ్చిన దోమ దగ్గర మొదలైంది. బటన్ వదిలేసి, గోటితో గీకి తీద్దామని వేలు పెట్టాను, చట్‌మని కొట్టింది. బ్యాట్ పోయి మంచం కింద పడింది. మామూలు మనిషైతే దాన్ని తీసి మేకుకు తగిలించి పడుకుంటాడు. నాకేమో బటన్ వదిలాక ఎట్లా కొట్టింది అన్నది తేలేదాకా నిద్ర పట్టేలా లేదు. వదిలాననుకొని వదల్లేదేమో, అన్నం తిని చెయ్యి కడుక్కొని వచ్చాను కాబట్టి తడి ఉందేమో, ఒక్క దెబ్బతో ఏం తేలుతుంది? చెయ్యి తువ్వాలుకు తుడుచుకొని మళ్లీ పెట్టాను. మళ్లీ కొట్టింది. “ఒకసారి కొడితే బుద్ధి రాదారా నీకు?” అని పక్క రూములోంచి మా అమ్మ.

లోపల ఉన్నదేంటంటే, జాలీలు మూడు. బయటి రెండూ ఒక వైరుకు, మధ్యది ఇంకో వైరుకు. బయటిదాన్ని ఒక్కదాన్నే ముట్టుకుంటే ఏమీ కాదు, వేలి కొస సందులోంచి మధ్య తీగకు కూడా తగిలితేనే దెబ్బ. పిడిలో ఉండే చిన్న బ్యాటరీ కరెంటును ఒక సర్క్యూట్ వందలు, వేల వోల్టుల దాకా పెంచి కెపాసిటర్‌లో, అంటే కరెంటును దాచిపెట్టే చిన్న భాగంలో, నింపుతుంది. బటన్ వదిలితే నింపడం ఆగుతుంది గానీ, నిండింది వెంటనే ఎటూ పోదు. అది తొందరగా ఖాళీ కావడానికి రెసిస్టర్ అనే ఇంకో చిన్న భాగం ఉండాలి. నా పీస్‌లో అది పెట్టనే లేదో, పెట్టింది ఊడిపోయిందో.

1746లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ అనే ఊళ్లో మూషెన్‌బ్రోక్ అనే ప్రొఫెసర్‌కు తగిలింది కూడా ఇట్లాంటి కెపాసిటరే, కాకపోతే అప్పుడది నీళ్లు పోసిన గాజు పాత్ర. ఫ్రాన్స్ రాజ్యం మొత్తం ఇస్తానన్నా ఇంకోసారి ముట్టుకోనని ఆయన ఉత్తరం రాశాడు. అది ఫ్రాన్స్ చేరింది, అదే ఏడు అక్కడి నోలే అనే సైంటిస్టు, రాజు 15వ లూయీ చూస్తుండగా 180 మంది సైనికులను చేతులు పట్టుకోమని వరసగా నిలబెట్టి అందరికీ ఒకేసారి షాక్ ఇచ్చాడు. ఇది మా అమ్మకు చెబితే, “వాళ్లకు పని లేదు, నీకు లేదు” అంది.

మర్నాడు మా అక్క బిడ్డను స్టాప్‌వాచ్ పట్టుకోమన్నాను, ఎనిమిదో తరగతి. బటన్ వదిలిన 5 సెకన్లకు, 15కు, 30కి, నిమిషానికి, ఒక్కోటి మూడుసార్లు. ఐదుకు గట్టిగా, పదిహేనుకు కొంచెం తక్కువ, ముప్పైకి చీమ కుట్టినట్టు, నిమిషానికి ఏమీ లేదు అని నోట్‌బుక్‌లో రాయించాను. రాసి పిల్ల అంది, “మామా, నువ్వు ముందే భయపడుతున్నవ్ గదా, ఎంత కొట్టిందో నీకెట్ల తెలుస్తది?” నిజమే కదా! అప్పుడు నేను కళ్లు మూసుకున్నాను, బటన్ నొక్కిందో లేదో నాకు చెప్పకుండా బ్యాట్ ముందు పెట్టింది. ఆరుసార్లలో మూడుసార్లు అసలు నొక్కనే లేదట, అందులో ఒకసారి నేను అబ్బా అని చెయ్యి గుంజుకున్నాను. దెబ్బ పడిందని ఒట్టేసేవాణ్ణి. కాబట్టి గట్టిగా, తక్కువ, చీమ అన్నవన్నీ కొట్టేయండి, ఐదు సెకన్లకు కొడుతుంది అన్నంతవరకే నా మాట తీసుకోండి.

పిల్ల తనూ పెడతానంది, పెట్టనివ్వలేదు. మీరు కూడా పెట్టకండి, ముఖ్యంగా ఇంట్లో చిన్న పిల్లలు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఉంటే ఈ బ్యాట్ అందకుండా ఉంచండి. దోమను తీయాలంటే ముందు ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌ను బయటి జాలీకి, మధ్యదానికి కలిపి ఆనించండి, చిటుక్‌మంటుంది, అయిపోయింది.

నోట్‌బుక్ పట్టుకొని షాపుకు పోయాను. షాపాయన అంతా విని, “దోమలు కొట్టమని ఇస్తే మీరు వేలెందుకు పెట్టిండ్రు సార్?” అన్నాడు. మంచి మనిషి, ఆరు నెలల వారంటీ ఉందని పీస్ మార్చి ఇచ్చాడు. కొత్తది బటన్ వదలగానే ఖాళీ అయిపోతోంది, రెండుసార్లు చూశాను. మరి పాతది ఒక్కటే అట్లా వచ్చిందా, లేక అసలు సరుకే అంతనా అన్నది రెండు పీసులతో తేలదు. షాపులో ఇంకా డజను దాకా ఉన్నాయి, కానీ ఆయన నన్ను డబ్బా విప్పనివ్వడం లేదు.