నా నవలను నాకే వినిపించిన గొంతు: మూడేళ్ల వాడకం తర్వాత

నవలను తిరగరాసే పనిలో మీకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఏదని ఎవరైనా అడిగితే, నేను రాసుకునే వర్డ్ ప్రాసెసర్‌లో రాసిన దాన్ని పైకి చదివి వినిపించే సౌకర్యం పేరే మొదట చెబుతాను. దాన్ని ఎలా మొదలుపెట్టాలో, గొంతును ఎలా మార్చుకోవాలో, వేగాన్ని ఎలా తగ్గించాలో వాడినవారికి తెలిసిందే కనుక ఆ వివరాల జోలికి పోవడం లేదు. నా రాతప్రతి 84,000 మాటలది. మూడేళ్లలో దాన్ని నాలుగుసార్లు తిరగరాశాను, రెండోసారి నుంచి ప్రతి అధ్యాయాన్నీ ఆ గొంతులో విన్నాను. ఆపకుండా వింటే మొత్తానికి సుమారు 14 గంటలు పడుతుంది, ఆపి దిద్దుకుంటూ పోతే నెల దాటుతుంది.

అంతకుముందు నా ప్రతిని నేనే పైకి చదువుకునే అలవాటు ఉండేది. అది సరిపోతుందనే నమ్మకం కూడా ఉండేది. అయితే మనం రాసింది మనమే చదివేటప్పుడు, కాగితం మీద లేని విరామాన్ని మన గొంతు ఇస్తుంది, తేలిపోయిన మాట దగ్గర స్వరం తగ్గించి దానికి బరువు తెస్తుంది, వాక్యంలో లేని దుఃఖాన్ని మన జ్ఞాపకంలోంచి తెచ్చి పోస్తుంది. యంత్రం గొంతుకు నా పాత్రల మీద ప్రేమ లేదు, ఆ ఘట్టం రాస్తూ నేను ఏడ్చిన సంగతి తెలియదు. కాగితం మీద ఎంత ఉందో అంతే చదివింది. ఈ ఒక్క గుణం కోసమే నేను దాన్ని ఇంతకాలం వదల్లేదు.

మొదటిసారి అది నాకు తెలిసివచ్చిన రోజు బాగా గుర్తుంది. చాలా ఏళ్ల తర్వాత అక్క పుట్టింటి గుమ్మం ముందుకు వచ్చే ఘట్టం నా నవలకు ఆయువుపట్టని నా అభిప్రాయం. రెండో ప్రతిలో కామా కూడా మార్చకుండా ఉంచిన పేజీలు అవే. కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాను. "తమ్ముడు తలుపు తీశాడు. ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. అక్కను పోల్చుకున్నాడు. ఒక్క క్షణం మాట రాలేదు. పక్కకు తప్పుకున్నాడు." గొంతు ఏ తడీ లేకుండా చదువుకుంటూ పోయింది. రెండు పేజీలు పూర్తయ్యేసరికి "ఒక్క క్షణం" ఐదుసార్లు వినిపించింది. వెంటనే మొత్తం ప్రతిలో ఆ మాట కోసం వెతికితే 143 చోట్ల దొరికింది. ఎక్కడెక్కడ పాత్ర మనసులో ఏం జరుగుతోందో నాకు స్పష్టంగా తెలియదో, అక్కడక్కడల్లా ఆ రెండు మాటలు రాసి ముందుకు వెళ్లిపోయానని వాటిని ఒక్కొక్కటిగా చూస్తున్నప్పుడు అర్థమైంది. చివరికి 19 మిగిల్చాను. తీసేసిన ప్రతిచోటా ఆ క్షణంలో ఏముందో కొత్తగా ఆలోచించవలసి వచ్చింది. నా తిరగరాత నిజంగా మొదలైంది అప్పుడే.

అదే ఘట్టంలో మరో సంగతి కూడా చెవికి తగిలింది. తెలుగు వాక్యం సహజంగా క్రియతో ముగుస్తుంది కనుక, కథ భూతకాలంలో నడిచి, కర్త ఒక్కడే అయితే, వరుసగా వచ్చే పొట్టి వాక్యాలన్నీ "డు" అనే అక్షరం మీదే వచ్చి ఆగుతాయి. తీశాడు, పోయాడు, కున్నాడు, కున్నాడు అంటూ ఒకే చోట సుత్తి పడుతున్నట్టు ఉంటుంది. కంటికి ఇది అస్సలు ఆనదు, ఎందుకంటే కన్ను అర్థం వెంట పరుగెత్తుతుంది. విన్నాక ఆ భాగాన్ని ఇలా మార్చాను: "తలుపు తీసిన తమ్ముడి చేతిలో గొళ్ళెం అలాగే ఉండిపోయింది. అక్క ఇంకా చెప్పులు విడవలేదు. లోపలికి రమ్మనాల్సింది తనేనని అతనికి తట్టడానికి కొంచెంసేపు పట్టింది." ఇది గొప్ప వాక్యనిర్మాణమని అనను, కానీ ఇందులో ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు. ముందటి దానిలో క్రియలు మాత్రమే ఉన్నాయి.

ఈ అనుభవం తర్వాత కొన్ని నెలలపాటు, రాసే మిత్రులందరికీ ఇది ఒక్కటి ఉంటే వేరే ఏ ఉపాయమూ అక్కర్లేదని చెబుతూ వచ్చాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

కారణం ఏడో అధ్యాయం. అక్క పట్నంలో గడిపిన ఒక వేసవి గురించిన అధ్యాయమది. దాన్ని పదకొండుసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ రెండు మూడు వాక్యాలు మెరుగుపడ్డాయి, ఏడు వారాలు దానికే సరిపోయాయి. ఆ తర్వాత, ప్రతిని చదివిన ఒక స్నేహితురాలు, "ఆ అధ్యాయం చాలా బావుంది, కానీ అది చదవకపోయినా నాకు కథలో ఏమీ తగ్గేది కాదు" అన్నారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి, నవలలోని 31 అధ్యాయాలకూ ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం రాశాను: ఈ అధ్యాయం మొదట్లో ఉన్నదేమిటి, చివరికి మారినదేమిటి. ఏడో చీటీ దగ్గర కలం కదల్లేదు. అక్క ఆ అధ్యాయంలోకి ఏ మనసుతో వచ్చిందో అదే మనసుతో బయటికి వెళ్లింది. అప్పటికి ఆ వాక్యాలు ఎంత నునుపుదేలాయంటే, వాటిని తీసేయడానికి నాకు ఇంకో నెల పట్టింది. ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడే చూసి ఉంటే ఒక పూటలో తేలిపోయే పని అది. వినడం ఎప్పుడూ ఒక వాక్యం నుంచి పక్క వాక్యానికి నడిపిస్తుంది తప్ప, ఇల్లు మొత్తం ఎలా ఉందో చూపించదు. తప్పు ఆ సౌకర్యానిది కాదు, దాన్ని నేను వాడిన వరుసది. ఇప్పుడు చీటీల పని పూర్తయి, ఏ అధ్యాయం ఉంటుందో ఏది పోతుందో తేలిన తర్వాతే వినడం మొదలుపెడుతున్నాను.

రెండో సవరణ ఊపిరికి సంబంధించింది. "డు" మోత తప్పించడానికి నేను క్త్వార్థకాలను ఆశ్రయించాను: లేచి, తలుపు తీసి, పక్కకు జరిగి, అక్క చేతిలోని సంచి అందుకుని, ఇలా నాలుగైదు పనులను ఒకే వాక్యంలో గుచ్చడం మొదలైంది. యంత్రం గొంతులో అవి చక్కగా, నీళ్లలా సాగిపోయాయి. మూడో ప్రతి పూర్తయ్యాక ఒక రోజు ఒక అధ్యాయాన్ని నేనే పైకి చదివితే, మూడు వాక్యాలకు ఒకసారి దమ్ము చాలక మధ్యలో ఆగవలసి వచ్చింది. యంత్రానికి ఊపిరితిత్తులు లేవు, కనుక ఎంత పొడవు వాక్యమైనా దానికి భారం కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి నవలాకారుడు గుస్తావ్ ఫ్లోబేర్ తన వాక్యాలను గొంతెత్తి చదివి పరీక్షించుకునేవారు; సరిగా రాయని వాక్యాలు ఆ పరీక్షకు నిలవవనీ, ఛాతీని నొక్కేస్తాయనీ ఆయన అభిప్రాయం. ఆ ఛాతీ ఎందుకు అవసరమో నాకు అప్పుడు తెలిసింది. కనుక చివరి ప్రతిని సగం దాని గొంతులో, సగం నా గొంతులో సరిచూశాను: భావం నిజంగా కాగితం మీద ఉందా లేదా అన్నది దానితో, వాక్యం మోయగలిగే పొడవులో ఉందా లేదా అన్నది నాతో.

చెవికి అసలు అందని తప్పులు కూడా ఉన్నాయి. నా ప్రతిలో ఒకచోట "కళ్ళు", మరోచోట "కళ్లు" అని ఉంది. "పెళ్ళి", "పెళ్లి" పరిస్థితీ అంతే. రెండూ వాడుకలో ఉన్నవే, కానీ ఒక పుస్తకంలో ఒకే పద్ధతి ఉండాలి. "ఆఫీస్‌లో" అని విడిగా పడవలసిన చోట "ఆఫీస్లో" అని వత్తు కలిసిపోయి పడింది. ఇవన్నీ గొంతులో ఒకేలా పలుకుతాయి. ప్రూఫులు దిద్దే మనిషి కన్ను తప్ప వీటికి వేరే దారి నాకు దొరకలేదు. సంభాషణల విషయంలోనూ యంత్రం గొంతును పూర్తిగా నమ్మలేం. మాండలికంలో సాగదీసి పలికే మాటను అది పొడిగా తుంచి చదివేసరికి, బాగున్న సంభాషణను కూడా చెడిందనుకుని రెండుచోట్ల మార్చేశాను. తర్వాత పాత ప్రతిలోంచి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంత చెప్పాక కూడా, నామటుకు నాకు ఇది విడిచిపెట్టలేని సాధనమే. కాకపోతే నా నవల ప్రథమ పురుషలో, భూతకాలంలో, తక్కువ సంభాషణలతో నడిచేది. నేను పని చేసుకునేది ఇంట్లో అందరూ పడుకున్నాక, రోజంతా తెర చూసి కళ్లు అలసిపోయిన వేళ. ఈ రెంటిలో ఏది వేరైనా ఫలితం వేరుగా ఉండవచ్చు. సగానికి పైగా మాండలిక సంభాషణలతో నవల రాసేవారికి దీన్ని ఇంత గట్టిగా సిఫారసు చేయలేను. మొదటి ప్రతి ఇంకా పూర్తి చేయనివారికి అసలు చేయను.

నా రెండో నవల తొలి చిత్తుప్రతి పోయిన నెలలో పూర్తయింది. అందులో ఒక్క పేజీ కూడా ఇంకా వినలేదు. 26 చీటీల్లో 22 నిండాయి, మిగిలిన నాలుగింటి దగ్గర ఆగి ఉన్నాను.